అమ్మతో కలసి చూసిన నాగయ్యగారు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇవ్వమని మన సంఘ కార్యవర్గం వారు అడిగినప్పుడు నాకు వెంటనే చిత్తూరు వి. నాగయ్యగారు గుర్తుకు వచ్చారు. నేను సినిమా పండితుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపి 2012లో రిటైరైనవాణ్ణి. నాగయ్యగారి గురించి నాకు తెలిసినది కొంత చదివినది, ఎక్కువ భాగం మా అమ్మ పక్కన కూర్చుని చూసినది. ఆమెకు ఇప్పుడు తొంభై ఒక్క ఏళ్ళు. మధ్యాహ్నం భోజనమై, చిన్న కునుకు తీశాక మా అమ్మాయి టీవీలో ఒక పాత సినిమా పెట్టి తన పని చూసుకుంటుంది. పదిసార్లు చూసినదైనా మా ఇద్దరికీ అభ్యంతరం లేదు.

నాగయ్యగారు 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్క పల్లెటూరే. అందుచేత నాగయ్యగారంటే ఆమెకు పుట్టింటివారితో సమానం. చిత్తూరు పేరుతో ఆయన్ని ఎవరైనా పిలిస్తే ఇప్పటికీ సరిదిద్దుతుంది. అయితే వారు పెరిగి పెద్దయినది, నాటకాలలో పేరు తెచ్చుకున్నది చిత్తూరులోనే. అక్కడి రామవిలాస సభ వారి నాటకాలలో వేషాలు వేసి, పద్యాలు పాడి జనాన్ని మెప్పించారు. మనబోటి వారికి నచ్చే విశేషం ఒకటి ఉంది. వారు కొంతకాలం ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా, ఆ తరువాత ఆంధ్రపత్రికలో విలేఖరిగా పనిచేశారు. ఆ బల్ల దగ్గరే ఉండిపోతే వారికీ నెలనెలా జీతం, చివర పింఛను ఉండేవేమో. తెలుగువారికి మాత్రం త్యాగయ్య ఉండేవాడు కాదు.

1938లో గృహలక్ష్మితో వారు సినిమాలలో ప్రవేశించారు. మరుసటి ఏడు బి. ఎన్. రెడ్డిగారి వందేమాతరం వచ్చింది. 1940లో వచ్చిన సుమంగళిలో వీరేశలింగం పంతులుగారిని తలపించే వృద్ధ సంస్కర్తగా నటించారు. అప్పటికి వారికి ముప్పై ఆరేళ్ళు మాత్రమే. దేవత, స్వర్గసీమ చిత్రాలతో ఇంటింటికీ తెలిసినవారయ్యారు. తమిళంలో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి మీరా చిత్రంలో రాణాగా నటించినదీ వీరే. నటన ఒక్కటే కాదు. పాట, సంగీతం, దర్శకత్వం, నిర్మాణం, అన్నిటా వారిది అందెవేసిన చెయ్యి.

అయితే నాగయ్యగారంటే జనానికి ముగ్గురు గుర్తుకొస్తారు. కె. వి. రెడ్డిగారి దర్శకత్వంలో పోతన, వేమన. తమ స్వీయ దర్శకత్వంలో త్యాగయ్య. 1946లో త్యాగయ్యను వారు తమ సొంత సంస్థ రేణుకా ఫిలిమ్స్ మీద తీశారు. మా అమ్మ ఆ సినిమాను డేరా హాలులో, ఇసుకలో కూర్చుని చూసిందట. రెండు బళ్ళు కట్టించుకుని ఊరంతా వెళ్ళారట. ఆట అయ్యాక మా అమ్మమ్మ తెర దగ్గరకు వెళ్ళి దణ్ణం పెట్టిందని, తెర మీద ఉన్నది వేషగాడు అని ఎవరు చెప్పినా ఒప్పుకోలేదని అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

నేను నాగయ్యగారిని తెలుసుకున్నది దూరదర్శన్ రోజులలో. 1985లో మా ఇంట బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాము. చిత్రలహరి వచ్చే శుక్రవారం, తెలుగు సినిమా వేసే రోజు మా ముందు గదిలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. వీధి పిల్లలందరికీ అమ్మ చాపలు పరిచి, మరమరాలు పంచేది. నాగయ్యగారి సినిమా అయితే పిల్లలు జారుకునేవారు; అమ్మ, నేను, మా నాన్నగారు మిగిలేవాళ్ళం. యోగి వేమనలో అన్న కూతురు జ్యోతి చనిపోయే ఘట్టం వచ్చినప్పుడు, ఏడుపు మాకు కనబడకుండా నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చునేవారు. 1989లో ఆయన పోయారు. ఆ తరువాత చాలాకాలం ఆ సినిమా వస్తే అమ్మే లేచి టీవీ కట్టేసేది. ఇప్పుడు మళ్ళీ చూస్తోంది. ఆ ఘట్టంలో నాన్నగారు కూర్చునే కుర్చీ వైపు ఒకసారి చూస్తుంది, అంతే.

సంపాదన ఉన్న రోజులలో నాగయ్యగారి చేతికి ఎముక లేదు. మద్రాసులో వారి ఇంటికి ఆకలితో వెళ్ళినవారు విస్తరి ముందు కూర్చోకుండా తిరిగి రాలేదని నాటి సినిమావారు ఎందరో రాశారు. పెళ్ళికని, చదువుకని, సంస్థకని ఎవరు అడిగినా ఇచ్చారు. కాలం మారింది. అవకాశాలు తగ్గాయి. ఏళ్ళ తరబడి శ్రమపడి 1964లో రామదాసును తెర మీదకు తెచ్చారు. గుమ్మడిగారి కబీరుకు మహమ్మద్ రఫీ చేత పాడించారు. చిత్రం ఆర్థికంగా కలసిరాలేదు. 1965లో పద్మశ్రీ వచ్చింది. దక్షిణాది సినీనటులలో ఆ గౌరవం అందుకున్న తొలివారు వీరేనంటారు. బిరుదు వచ్చినా అప్పు తీరదు కదా. ఒకనాడు సినిమాను ఒంటిచేత్తో నడిపినవారు తండ్రిగా, తాతగా, మునిగా చిన్న వేషాలు వేస్తూ గడిపారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. ఆ వార్త పత్రికలో చదివి అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఎవరో నటుడు పోతే ఇంత అవసరమా అనుకున్నాను.

ఇక ఇది రాయడానికి అసలు కారణం చెబుతాను. మా నాన్నగారు బడిపంతులు. వారి తదనంతరం అమ్మకు ఫ్యామిలీ పింఛను వస్తోంది. కొన్నేళ్ళ క్రితం ఆమె కంటి ఆపరేషనుకు బ్యాంకుకు వెళ్ళి చూస్తే ఖాతాలో దాదాపు ఏమీ లేదు. పనిమనిషి కొడుకు కాలేజీ ఫీజు అమ్మే కడుతోందని, వీధి చివర ఒక ముసలాయనకు నెలనెలా మందులు కొనిపిస్తోందని అప్పుడు బయటపడింది. ఆపరేషను ఖర్చు నాకు భారం కాదు. కాని నాతో ఒక్క మాటయినా చెప్పలేదే అన్న కోపంతో, ఇలాగే చేస్తే నాగయ్యగారి గతే పడుతుందని అనేశాను. ఆమె జవాబు చెప్పలేదు. వారం రోజులు మధ్యాహ్నం టీవీ పెట్టనివ్వలేదు.

ఎనిమిదో రోజున తానే త్యాగయ్య పెట్టమంది. రాజు పంపిన కానుకలను త్యాగయ్య కాదనే చోట నా వైపు తిరిగి మెల్లగా నాలుగు మాటలు చెప్పింది. నాగయ్యగారి కథలో తప్పు పెట్టినవాడిది కాదట, తిని మరచినవాళ్ళదట. ఆయన చివరిదాకా ముఖానికి రంగు వేసుకుని పనికి వెళ్ళాడే గాని, పెట్టిన చేతిని చాపలేదట. అంతగా భయమైతే తనను ఇవ్వవద్దనడం మాని, ఆ పిల్లవాడికి పుచ్చుకున్నది మరవకుండా ఉండడం నేర్పమంది. నా వద్ద సమాధానం లేదు. ఆ నెల నుంచి ఒక ఏర్పాటు చేసుకున్నాము. పింఛనులో సగం వైద్యానికని విడిగా వేస్తాము. మిగిలిన సగం ఆమె ఇష్టం, లెక్క అడగను. ఆ పిల్లవాడికి ఉద్యోగం వచ్చింది. పండుగకు వచ్చినప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఒక పాత సినిమా పూర్తిగా చూసి వెళ్తాడు.

నాగయ్యగారి విగ్రహం మద్రాసు పానగల్ పార్కులో ఉంది. పోయినవారికి దండలు వేయడం మనకు బాగా వచ్చు. కాని మన సంఘంలోనే, ఒకప్పుడు చందాలకు, సహాయాలకు ముందుండి, ఇప్పుడు మంచం దిగలేని సభ్యులు ఉన్నారు. లైఫ్ సర్టిఫికేట్ల రోజులలో వారిని మొక్కుబడిగా పలకరించి రావడం కాక, ఒక పూట కూర్చుని వారికి నచ్చిన పాత సినిమా ఒకటి కలసి చూసి రావాలని నా మనవి. చెవులు సరిగా వినబడకపోయినా పరవాలేదు. మా అమ్మకూ ఇప్పుడు మాటలు సగమే వినబడతాయి. మిగిలిన సగం ఆమే నాకు చెబుతుంది.