థామస్ విల్లిస్

పక్షవాతానికీ మెదడు రక్తనాళాల అమరికకూ గల సంబంధాన్ని గ్రహించిన తొలి వైద్యులలో థామస్ విల్లిస్ ముఖ్యుడు. ఆయన 1621 జనవరి 27న ఇంగ్లండులోని గ్రేట్ బెడ్విన్ గ్రామంలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డులో చదివి, అక్కడే వైద్యవృత్తి చేపట్టాడు. 1660లో ఆ విశ్వవిద్యాలయంలోనే ఆచార్య పదవిని పొందాడు.

ఒకసారి ఆయన వేరొక వ్యాధితో మరణించిన వ్యక్తి శవాన్ని కోసి పరీక్షించాడు. మెదడుకు రక్తాన్ని అందించే కంఠధమని ఒకవైపు రాయివలె గట్టిపడి పూర్తిగా పూడుకొని పోయింది. అతడు ఏనాడో పక్షవాతానికి గురికావలసినవాడు. కాని ఆ జాడయే లేదు! అదే వైపున వెన్నెముక వెంట పైకి పోయే ధమని మాత్రం మూడింతలు లావెక్కి ఉంది.

విల్లిస్ శవాల కంఠధమనిలోనికి రంగుద్రవం ఎక్కించి చూశాడు. ఒకవైపు ఎక్కించిన రంగు రెండవ వైపు నాళాలకూ వ్యాపించింది. పాకాల జంక్షనులో కాట్పాడి, తిరుపతి, ధర్మవరం రైలుమార్గాలు కలిసినట్లు, మెదడు అడుగున ధమనులు కలిసి వలయంగా ఏర్పడతాయి. ఒక దారి మూసుకొనిపోతే రక్తం మరొక దారిన ప్రవహిస్తుంది. ఈ వలయాన్ని అంతకుముందే కొందరు వర్ణించారు. దాని ప్రయోజనాన్ని విశదపరచిన ఘనత మాత్రం విల్లిస్‌దే. 1664లో వెలువడిన ఆయన లాటిన్ గ్రంథానికి ప్రసిద్ధ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ చిత్రాలు గీశాడు.

1667లో లండను చేరిన విల్లిస్ 1675 నవంబరు 11న మరణించాడు.

ఈ వలయం అందరిలో ఒకే తీరుగా ఉండదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. కొందరిలో కలిపే నాళం దారమంత సన్నగా ఉంటుంది. కొందరిలో అసలే ఉండదు. అట్టివారికి కంఠధమని పూడుకొన్నప్పుడు పక్షవాత భయం అధికం. నేటి వైద్యులు స్కానింగు ద్వారా ఆ లోపాన్ని సజీవుని మెదడులోనే చూడగలుగుతున్నారు. ఆ నాళాల కూడలిని నేటికీ విల్లిస్ వలయమనే వ్యవహరిస్తున్నారు.