గురజాడ అప్పారావు

గురజాడ అప్పారావు (1862 సెప్టెంబరు 21 – 1915 నవంబరు 30) ఆధునిక తెలుగు సాహిత్యానికి బాటలు వేసిన మహాకవి, నాటకకర్త, కథకుడు. ఎస్.రాయవరంలో మేనమామ ఇంట జన్మించాడు. విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, అక్కడే అధ్యాపకుడై, అనంతరం సంస్థానం కొలువులో చేరాడు.

== తొలి రచనలు ==
అప్పారావు మొదట ఆంగ్లంలో కవిత్వం వ్రాశాడు. 1883లో వెలువడిన 'సారంగధర'ను చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, ప్రతిభను మెచ్చుకుంటూనే, మాతృభాషలో వ్రాయమని సలహా ఇచ్చాడు. వాడుకభాషలో వ్రాసిన 'కన్యాశుల్కం' నాటకం 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయింది.

== మలిదశ ==
1909లో వచ్చిన కన్యాశుల్కం రెండవ కూర్పు ఎంతగానో పెరిగి, దాదాపు కొత్త నాటకమే అయింది. అంతటి కీర్తి తెచ్చిన ప్రక్రియను విడిచి, నలభై ఏడేళ్ళ వయసులో అతను మాత్రాఛందస్సులో గేయాలు మొదలుపెట్టాడు. 'ముత్యాల సరాలు' పేరే ఆ ఛందస్సుకు నిలిచింది. నాటకంలో నవ్వు పుట్టించిన కన్యాశుల్క దురాచారమే 'పూర్ణమ్మ'లో కంటతడి పెట్టిస్తుంది. ప్రక్రియ మారడం వల్ల అతను సాధించినది ఇక్కడే స్పష్టంగా కనబడుతుంది.

1910లోనే ఆంధ్రభారతిలో 'దిద్దుబాటు' కథ వెలువడింది. తెలుగులో ఇదే తొలి కథానిక అన్న ప్రసిద్ధి ఉన్నా, భండారు అచ్చమాంబ కథలు అంతకు ముందే వచ్చాయి.

1913లో కొలువు నుండి విరమించాడు. వ్యావహారిక భాషను సమర్థిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించాడు. మరుసటి ఏడు మరణించేనాటికి 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' నాటకాలు అసంపూర్తిగానే ఉన్నాయి.