తెలుగు నేర్చిన బ్రౌను దొర

మాతృభాషలోని క్రియాపదములను బాలురు ఎవరును బోధింపకయే నేర్చుకొందురు. వచ్చినాడు, వచ్చుచున్నాడు, రాగలడు అను మాటలకు గల భేదము ఐదేండ్ల బాలునకును తెలియును. నిన్న వచ్చుననియు, రేపు వచ్చినాడనియు ఏ తెలుగు బాలుడును పలుకడు. కాని పరదేశీయుడు ఈ భాషను నేర్వబూనినచో అడుగడుగునకు క్రియాపదమే అతనికి అడ్డుపడును. చెట్టును, పుట్టను, నీటిని, నిప్పును వ్రేలితో చూపి వాని పేళ్లు నేర్పవచ్చును. కాలమును వ్రేలితో చూపుట సాధ్యము కాదు.

అదియునుగాక, ఒకే కాలమునకు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క రూపము కలదు. నిజామాబాదు పట్టణమునకు పడమట నున్న బోధను ప్రాంతమునే చూడుడు. మంజీరా నదిపై 1923 మొదలు 1931 వరకు నిజాంసాగరు నిర్మింపబడెను. ఆ నీటి వలన అచ్చట చెరకు పైరు విస్తరించెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము నెలకొల్పబడి 2015 వరకు నడచెను. కాలువల క్రింద భూములు సాగు చేయుటకై కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులును పెక్కుమంది వచ్చి స్థిరపడిరి. అందుచేత అచ్చట ఒకే కాలువగట్టున రెండు సీమల తెలుగు వినవచ్చును. పొలమునకు మేస్త్రి వచ్చిన సంగతిని స్థానికుడు 'వచ్చిండు' అనును. కోస్తానుండి వచ్చినవాడు 'వచ్చాడు' అనును. బడిలోని బాలుడు తన పుస్తకమున 'వచ్చెను' అని చదువును. ఈ మూడును భూతకాలమే. మూడును తెలుగే.

ఇట్టి భాషను ఒక ఆంగ్లేయ యువకుడు పందొమ్మిదేండ్లయినను నిండని ప్రాయమున నేర్వ నారంభించి, ముప్పది యేండ్లకు పైగా విడువక సాధన చేసి, తెలుగువారికే నిఘంటువు వ్రాసి యిచ్చెను. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. అచ్చటి ఫోర్టు విలియం కళాశాల నిర్వాహకులలో ఒకడు. ఆయన తన కుమారులకు గ్రీకు, లాటిను, హీబ్రూ, అరబ్బీ, పారశీకము, హిందుస్తానీ మున్నగు భాషలను చిన్ననాటనే నేర్పించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు మరలెను. చార్లెస్ అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువునకు ఎన్నికై, 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో మద్రాసునకు వచ్చెను. అప్పటికి ఆయనకు పెక్కు భాషలు వచ్చును గాని తెలుగు మాత్రము రాదు.

ఆ కాలమున మద్రాసులో సెయింటు జార్జి కోట కళాశాల యుండెను. కంపెనీ యువకోద్యోగులకు దేశభాషలు నేర్పుటకై అది 1812లో ఏర్పడెను. అచ్చట వెలగపూడి కోదండరామ పంతులు బ్రౌనునకు తెలుగు గురువయ్యెను. ఆంగ్లమున తెలుగు వ్యాకరణములు అప్పుడప్పుడే వెలువడుచుండెను. విలియం కేరీ రచించినది 1814లోను, ఏ. డి. క్యాంబెల్ రచించినది 1816లోను అచ్చయ్యెను. ఇక మన పండితుల ప్రామాణిక వ్యాకరణమైన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృత సూత్రములతో నున్నది. తెలుగు నేర్వదలచినవాడు ముందుగా సంస్కృతము నేర్వవలసి యుండెను.

ఆంగ్లము మాతృభాషగా గలవానికి తెలుగు క్రియ ఎంత చిక్కైనదో కొంచెము ఆలోచింపుడు. ఆంగ్లమున 'కేమ్' అను ఒక్క రూపము నేను, నీవు, అతడు, వారు అను అందరికిని చెల్లును. తెలుగున అట్లు కాదు. వచ్చితిని, వచ్చితివి, వచ్చెను, వచ్చితిమి, వచ్చితిరి, వచ్చిరి అని క్రియ తుది మారుచుండును. కర్తను చెప్పకపోయినను వచ్చినవారెవరో ఆ తుదియే తెలుపును. ఇది తెలిసికొని శిష్యుడు ఊపిరి పీల్చుకొనునంతలో వ్యతిరేక రూపము ఎదురగును. వచ్చు అను ధాతువునకు వ్యతిరేకము 'రాడు'. ధాతువులోని వకారము ఎచ్చటికి పోయినదో క్రొత్తవానికి అంతుపట్టదు. 'రాలేదు' అన్నచో మరియొక వింత. నేను రాలేదు, నీవు రాలేదు, వారు రాలేదు అని అన్నింటను ఒకే రూపము. అవునన్నప్పుడు ఆరు విధములుగా మారిన క్రియ కాదన్నప్పుడు కదలక నిలుచును.

మరియొక చిక్కు గలదు. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నప్పుడు అది నిన్నటి మాటయు కాదు, రేపటి మాటయు కాదు, ఎల్లప్పుడును జరుగునది. అతడు రేపు వచ్చును అన్నప్పుడు అదే రూపము భవిష్యత్తును తెలుపును. దీనిని మన వైయాకరణులు తద్ధర్మార్థకమందురు. గ్రీకు వ్యాకరణము చిన్ననాడే చదివిన బ్రౌను దీనిని ఆ వ్యాకరణములోని 'అయోరిస్టు' అను పేరుతో తన గ్రంథమున వివరించెను. పరభాషలోని తెలిసిన ద్వారమునుండి తెలియని యింట ప్రవేశించుట ఆయన పద్ధతి.

1820లో బ్రౌను కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. ఆ కచేరీలో భాష కేవలము పరీక్షా విషయము కాదు. శిస్తు చెల్లించితినని రైతు చెప్పుటకును, చెల్లింతునని చెప్పుటకును గల తేడా ఒకటి రెండు అక్షరములు మాత్రమే. ఆ అక్షరములను దొర పొరపాటున గ్రహించినచో రైతు భూమి పోవచ్చును. దుబాసీని నమ్ముకొన్న అధికారికి రైతు మాట తిన్నగా చేరదు. కావున బ్రౌను పండితుల నుండియే గాక ప్రజల నుండియు తెలుగు నేర్చుకొనెను. రెండేండ్లకు ఆయన మచిలీపట్టణమునకును, పిదప రాజమహేంద్రవరమునకును బదిలీయై, 1826లో మరల కడపకు వచ్చెను. వచ్చినాడు అను రాయలసీమను, వచ్చాడు అను తీరసీమను ఆయన ఇట్లు రెండింటిని చూచెను. పుస్తకములలోని భాష ఒకటి, ప్రజల నోటనున్న భాష మరియొకటి అనియు, ఒకటి తెలిసినంత మాత్రమున రెండవది రాదనియు గ్రహించెను.

ఈ సంచారములో ఆయన మరియొక సంగతిని కూడ కనుగొనెను. తెలుగు కావ్యములు తాటియాకులపై చెదలు తినుచుండెను. వ్రాయసకాండ్ర తప్పులతో ఒక ప్రతికిని మరియొక ప్రతికిని పొంతన లేకుండెను. కొన్ని గ్రంథముల పేళ్లే మిగిలియుండెను. ఫ్రెంచి మతాచార్యుడైన దుబాయి గ్రంథమున వేమనను గూర్చి చదివి, బ్రౌను ఆ యోగి పద్యముల ప్రతులను వెదకించెను. పండితులు వానిని అంతగా ఆదరింపకపోయినను పామరుల నాలుకపై అవి యాడుచుండెను. ప్రతులను పోల్చి చూచి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. 1839లో ఆ సంఖ్యను 1164కు పెంచి మరల ముద్రింపించెను. వేమన మాట సామాన్యుని మాట. క్రియాపదములు జనుల నోట ఎట్లు వాడబడునో తెలిసికొనుటకు అంతకన్న మంచి గురువు దొరకడు.

కడపలో బ్రౌను తోటతో కూడిన ఒక బంగళాను కొనెను. అచ్చట పండితులకును, వ్రాయసకాండ్రకును జీతములిచ్చి పని కల్పించెను. జూలూరి అప్పయ్య, అయోధ్యాపురము కృష్ణారెడ్డి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి మున్నగువారు ఆయనకు తోడ్పడిరి. వారు ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులను తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులను సిద్ధము చేసిరి. బ్రౌను పేరుతో వెలసిన కార్యమున ఈ పండితుల శ్రమ సగపాలు కలదు. ఈ పనికై ఆయన తన జీతములో పెద్ద భాగమును వెచ్చించెను. చాలనప్పుడు అప్పులు చేసెను. పేద పిల్లలకై కడపలోను, మచిలీపట్టణములోను ఉచిత పాఠశాలలను కూడ నడపెను.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను ఘోరమైన కఱవు పీడించెను. బ్రౌను తన లేఖలలో దానిని కఱవనియే వ్రాసెను. ధాన్యపు కొఱత యన్నచో చాలునని తలచిన పై యధికారులకు ఆ మాట రుచింపలేదు. మాటకు ఉన్న అర్థమును తగ్గించి వాడుట ఆయనకు తెలియదు. 1834లో ఆయన ఉద్యోగము పోయెను. ఆయన ఇంగ్లండునకు మరలెను.

కొలువు పోయినంత మాత్రమున ఆయన తెలుగును విడువలేదు. లండనులో ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణ భాషల వ్రాతప్రతులు పట్టించుకొనువారు లేక పడియుండెను. బ్రౌను వానికి పట్టిక వ్రాసి, సంస్కృత పండితుడైన విల్సను సాయముతో అవి మద్రాసునకు చేరునట్లు చేసెను. సముద్రము దాటిపోయిన తాళపత్రములు ఇట్లు మరల స్వదేశమునకు వచ్చెను. కొలది కాలమునకు ఆయనయు తిరిగి కొలువు పొంది మద్రాసునకు వచ్చెను. తరువాతి కాలమున తపాలా శాఖకు అధిపతిగాను, ప్రభుత్వమునకు తెలుగు అనువాదకుడుగాను పనిచేసెను.

1840లో బ్రౌను రచించిన తెలుగు వ్యాకరణము మద్రాసులో వెలువడెను. అందు కావ్యభాషా రూపములతో పాటు వాడుక రూపములను కూడ ఆయన చూపెను. ఇరువది యేండ్లకు పూర్వము తాను ఎచ్చటెచ్చట తడబడెనో అచ్చటచ్చట తరువాత వచ్చువారు తడబడకుండునట్లు వ్రాసెను. 1852 మొదలు 1854 వరకు ఆయన నిఘంటువులు వెలువడెను. ఒకటి తెలుగు మాటలకు ఆంగ్లార్థములు చెప్పునది. రెండవది ఆంగ్లమునకు తెలుగు చెప్పునది. మూడవది తెలుగులో కలసిపోయిన హిందుస్తానీ మున్నగు అన్యభాషా పదములను వివరించు మిశ్రభాషా నిఘంటువు. ప్రజలు పలుకు మాట యేదియు ఆయనకు అంటరానిది కాలేదు. ఉత్తరములు, అర్జీలు, వ్యవహార పత్రములు చేర్చిన ఒక వాచకమును కూడ ఆయన అచ్చు వేయించెను.

ఆ రోజులలోనే మద్రాసున పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును రచించెను. 1858లో వెలువడిన ఆ గ్రంథము క్రియారూపములకు కావ్యభాషలో కట్టుదిట్టమైన నియమములను చేసెను. సూరి భాష ఎట్లుండవలెనో చెప్పెను. బ్రౌను భాష ఎట్లున్నదో కూడ చెప్పెను. మన భాషకు ఈ రెండు పనులును కావలసియుండెను.

ఉద్యోగము విరమించి బ్రౌను లండను చేరెను. 1865లో అచ్చటి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యెను. వివాహము చేసికొనక, కడవరకు తెలుగు చదువుతోనే కాలము గడిపి, 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన తన 86వ యేట కన్నుమూసెను. కడపలో ఆయన బంగళా యున్న తావున జానమద్ది హనుమచ్ఛాస్త్రి మున్నగువారి కృషి వలన ఆయన పేర గ్రంథాలయము, భాషాపరిశోధన కేంద్రము వెలసినవి.

బ్రౌను పరప్రభుత్వమునకు కొలువు చేసినవాడు. ఆయనను ఈ దేశమునకు తెచ్చినది కంపెనీ యుద్యోగమే గాని తెలుగుపై ప్రేమ కాదు. ప్రేమ పిమ్మట కలిగెను. అదియు పండితుని సూత్రమును, రైతు పలుకును సమముగా వినుట వలన కలిగెను. ఒకని తెలుగు మనకు క్రొత్తగా వినబడినప్పుడు అది తప్పని నవ్వుట సులభము. బోధను కాలువగట్టున 'వచ్చిండు' అనువాడును, 'వచ్చాడు' అనువాడును ఒకరినొకరు నవ్వవచ్చును. కాని పరదేశమునుండి వచ్చిన బ్రౌను ఏ రూపమును నవ్వలేదు. ప్రతి రూపమును వ్రాసికొని, దాని కాలమును, అర్థమును, కర్తను విచారించెను. భాషను నేర్చువారికి మొదట కావలసినది ఆ వినయమే. అది యున్నచో వ్యాకరణము మెల్లగా వచ్చును.