మౌలాలి కొండ కింద ఒక కవయిత్రి



మీ సొంత ఊరు ఏది అని అడిగితే మన వండూర్‌లో సగం మంది వెంటనే చెప్పలేరు. పుట్టింది ఒక చోట, అక్షరాలు దిద్దింది ఇంకొక చోట, ఇప్పుడు ఉంటున్నది సముద్రం మధ్యన. ఎన్నో బదిలీలు చూసినవాళ్లం కాబట్టి మాకూ ఆ సంగతి తెలుసు. అందుకే ఈసారి, ఊళ్లు మారుతూ వచ్చిన కుటుంబంలో పుట్టి తన పేరు తానే నిలబెట్టుకున్న ఒక స్త్రీ గురించి చెప్పాలనుకున్నాం. ఆమె పేరు మహలఖా బాయి చందా.

ఆమె తల్లి రాజ్ కున్వర్. గుజరాత్ ప్రాంతంలో ఆధారం కోల్పోయిన ఆ ఇంటి ఆడవాళ్లు ఆటపాటలే బతుకుతెరువుగా ఊరూరా తిరిగి, ఔరంగాబాద్ మీదుగా హైదరాబాదు చేరారు. 1768లో చందా పుట్టింది. దగ్గరి బంధువు మెహతాబ్ ఆమెను పెంచింది. నిజాం ప్రధానమంత్రి రుక్నుద్దౌలా ఆదరణ వల్ల మంచి గురువులు, పుస్తకాలు దొరికాయి. సంగీతం, నాట్యం, కవిత్వంతో పాటు గుర్రపు స్వారీ, విలువిద్య కూడా నేర్చుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ రోజుల్లో గొప్పింటి ఆడవాళ్లు పరదా చాటున ఉండేవారు. వారికి మర్యాద ఉండేది కానీ, నలుగురిలో మాట్లాడే వీలు ఉండేది కాదు. దర్బారులో ఆడిపాడే స్త్రీలకు చదువు ఉండేది, మాట్లాడే వీలూ ఉండేది. మర్యాద మాత్రం దక్కేది కాదు. చదువు, మర్యాద రెండూ ఒక స్త్రీకి ఎందుకు ఉండకూడదు? చందా జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబులా ఉంటుంది.

రెండవ నిజాం అలీ ఖాన్ ఆమె ప్రతిభను గుర్తించాడు. మగవారి దుస్తులు ధరించి ఆమె యుద్ధయాత్రల్లో నిజాం వెంట వెళ్లింది. దర్బారులోని ప్రభువులతో సమానంగా ఆమెకు హోదా, జాగీర్లు వచ్చాయి. చంద్రుని వంటి ముఖం కలది అనే అర్థంలో మహలఖా అనే బిరుదూ వచ్చింది. కవులు కూడి తమ కవితలు చదువుకునే సభలను ముషాయిరాలు అంటారు. ఆ సభల్లో మగవారి మధ్య కూర్చుని తన గజళ్లు చదివింది.

ఒక కవి గజళ్లన్నీ ఒకచోట కూర్చిన గ్రంథం దివాన్. 1798లో చందా తన దివాన్ సిద్ధం చేసుకుంది. అందులో 125 గజళ్లు, ఒక్కొక్క గజల్‌లో 5 ద్విపదలు. చివరి ద్విపదలో తాను భక్తితో కొలిచే హజ్రత్ అలీని తలుచుకునేది. ఉర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీ ఈమేనని చాలాకాలం అనుకున్నారు. తరువాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాన్ 1797 నాటిదని తేలింది. ఆమెదీ హైదరాబాదే! చందా 1799లో జాన్ మాల్కం అనే బ్రిటిష్ అధికారికి బహూకరించిన ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఇస్లాం ధర్మశాస్త్రం కూతురికి ఆస్తిలో వాటా ఇచ్చింది. స్త్రీ సంపాదన ఆమెదేనని కూడా చెప్పింది. అయితే శాస్త్రంలో ఉన్న హక్కు ఇంట్లో దక్కడం వేరు. ఎన్నో ఇళ్లలో ఆచారం ఆ హక్కును మింగేసింది. చందా పెళ్లి చేసుకోలేదు; తన సంపాదనను తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టింది. గ్రంథాలయం పెట్టుకుంది, దక్కన్ చరిత్ర రాయించింది, ఆడపిల్లలకు కళలు నేర్పించింది. హైదరాబాదులోని ఇఫ్లూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఈనాటికీ ఆమె పేరుతో ఒక మెట్లబావి ఉంది.

దూరదేశమైన అజర్‌బైజాన్‌లోనూ ఇలాంటి కవయిత్రి ఒకామె ఉంది. ఆమె ఖుర్షీద్‌బాను నాతవాన్ (1832-1897). కరాబాఖ్ పాలకుని కూతురు. ఆమె కూడా గజళ్లు రాసింది, కవుల సభ నడిపింది, షూషా పట్టణానికి తన ఖర్చుతో మంచినీళ్లు తెప్పించింది. ఒకరు రాకుమారి, ఇంకొకరు నర్తకి ఇంటి బిడ్డ. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. అయినా ఇద్దరూ జనానికి కవిత్వమూ, నీళ్లూ మిగిల్చి వెళ్లారు.

చందా 1824లో కన్నుమూసింది. మౌలాలి కొండ కింద, తల్లి కోసం తాను కట్టించిన తోటలోనే ఆమెనూ సమాధి చేశారు. తన ఆస్తిని దిక్కులేని స్త్రీలకు రాసి వెళ్లిందని చెబుతారు. ఆ తరువాత చాలామంది ఆమెను నర్తకి అని చెప్పి ఊరుకున్నారు. సమాధి తోట కూడా పాడుబడిపోయింది. 2010-11లో బాగుచేశారు.

పిల్లలూ, మీలో కొందరి అమ్మానాన్నలకు రేపు సికింద్రాబాదు బదిలీ కావచ్చు. అప్పుడు ఒక ఆదివారం మౌలాలి వెళ్లి ఆ తోట చూసి రండి. మీతో మీ అక్కనో చెల్లినో కూడా తీసుకువెళ్లండి. తిరిగి వచ్చాక, మన ఇంట్లో చదువూ, ఆస్తీ, మాట్లాడే హక్కూ ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానంగా ఉన్నాయా అని అమ్మానాన్నలను అడగండి. ఏం చెప్పారో మాకు ఉత్తరం రాయండి. అప్పటికి మేము ఏ ఊళ్లో ఉన్నా, తప్పకుండా చదువుతాం.