చావులేని కణాల తల్లి – హెన్రియెట్టా లాక్స్

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 1920 ఆగస్టు 1న ఒక నల్లజాతి పేద కుటుంబంలో హెన్రియెట్టా లాక్స్ జన్మించారు. నాలుగేళ్లకే తల్లి చనిపోగా, క్లోవర్ అనే పల్లెలో తాతయ్య దగ్గర పెరిగారు. వాళ్లు ఉన్న చెక్క ఇల్లు ఒకప్పుడు బానిసలు ఉండినది. పొగాకు చేలల్లో పని చేస్తూ ఆరో తరగతితోనే చదువు మానేశారు. 1941లో డేవిడ్ లాక్స్‌తో వివాహమైంది. భర్తకు ఉక్కు కర్మాగారంలో పని దొరకడంతో బాల్టిమోర్ నగరం దగ్గరకు చేరారు. ఐదుగురు పిల్లలు కలిగారు.

కడుపులో గడ్డలా ఉందని బంధువుల ఆడవాళ్లతో చెప్పుకున్నారే గానీ, చాలాకాలం ఆస్పత్రికి వెళ్లలేదు. ఆ రోజుల్లో నల్లవారిని చేర్చుకునే ఆస్పత్రులే తక్కువ. పేదలకు వైద్యం చేసే జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో కూడా నల్లవారికి వేరే వార్డు. 1950 సెప్టెంబరులో చివరి కాన్పు అక్కడే జరిగింది. అప్పుడు గానీ, ఆరు వారాల తర్వాత చూసినప్పుడు గానీ జబ్బు ఉన్నట్టు రికార్డుల్లో రాయలేదు. రక్తస్రావం కావడంతో 1951 జనవరిలో మళ్లీ వెళ్తే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. దీనిని ముందే పట్టే పాప్ స్మియర్ పరీక్ష 1940ల నుంచే వైద్యులకు తెలుసు. కానీ అది చాలామంది స్త్రీల దాకా చేరలేదు. రేడియంతో చికిత్స చేసినా జబ్బు ఒళ్లంతా పాకి, 1951 అక్టోబరు 4న, 31 ఏళ్లకే ఆమె కన్నుమూశారు.

చికిత్సప్పుడు ఆమెను అడగకుండానే కణితి ముక్క తీసి డాక్టర్ జార్జ్ గై ప్రయోగశాలకు పంపారు. అంతకుముందు మనిషి కణాలు ప్రయోగశాలలో కొద్దిరోజులకే చచ్చిపోయేవి. ఈమె కణాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. వాటికి హీలా అని పేరు పెట్టారు. పోలియో టీకా పరీక్షలకు అవి పనికొచ్చాయి. ఆమెను చంపిన క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ కారణమని తెలుసుకోవడంలోనూ తోడ్పడ్డాయి. కంపెనీలు వాటిని అమ్మి లాభపడ్డాయి. కుటుంబానికి మాత్రం 1973 దాకా ఈ సంగతే తెలియదు. 2010 వరకు ఆమె సమాధికి పేరు రాసిన రాయి కూడా లేదు. 2023లో ఒక కంపెనీ ఆమె వారసులతో రాజీ చేసుకుంది.

ఆమె కణాలు ప్రపంచమంతా చేరాయి. ఆమె జాతి స్త్రీలకు మాత్రం సకాలంలో వైద్యం ఇంకా చేరలేదు. అమెరికాలో ఈ క్యాన్సర్‌తో తెల్లజాతి స్త్రీల కన్నా నల్లజాతి స్త్రీలు నేటికీ ఎక్కువగా చనిపోతున్నారు. జబ్బు ఆలస్యంగా బయటపడడం, పరీక్షలో తేడా కనిపించినా తర్వాతి వైద్యం అందకపోవడం, బీమా లేకపోవడం ఇందుకు కారణాలు.

మిత్రులారా, కూలి పోతుందని, సిగ్గని బాధ దాచుకునే అమ్మలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ముప్పై దాటిన స్త్రీలు బాధ లేకపోయినా ఈ పరీక్ష చేయించుకోవాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు ఈ మాట చెప్పండి. వెంట ఉండి ఆస్పత్రికి తీసుకెళ్లండి. మన చదువు ముందుగా అమ్మకు ఉపయోగపడాలి.