మార్లవాయిల మకాం వెట్టిన ప్రొఫెసర్

మాది ధర్మపురి. రాయపట్నం బ్రిడ్జి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లానే. డిగ్రీల ఉన్నప్పుడు ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపని ఒక ఊర్లె ఏడు దినాలున్న. వాడలు ఊడ్చినం, ఫొటోలు దిగినం, సర్టిఫికెట్ తెచ్చుకున్నం. ఆ ఊరోళ్ల గోస ఏందో మాత్రం అడగలె. హైమండార్ఫ్ సంగతి చదివినంక అది యాదికొస్తే సిగ్గైతది.

ఆయన 1909ల వియన్నాల పుట్టిండు. ఆదివాసుల బతుకుల మీద పరిశోధన చేసేటోడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు చేతిల జర్మన్ పాస్‌పోర్టు ఉండుడుతోని హైదరాబాద్ రాజ్యంలనే ఆగిపోవాల్సి వచ్చింది. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీంను చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకునే పని నిజాం సర్కారు ఆయనకు అప్పజెప్పింది. భార్య బెట్టీతోని మార్లవాయిల మకాం వెట్టిండు. గోండి నేర్చుకున్నడు. భూములెట్ల పోయినయో, అడవిల నుంచి ఎట్ల వెళ్లగొట్టిన్రో విని సర్కారుకు రాసిండు. 1943ల అక్కడ్నే గోండు పంతుళ్లను తయారుచేసే బడి షురువైంది. గోండిల వాచకాలొచ్చినయి. వేల ఎకరాలకు పట్టాలొచ్చినయి. ఉస్మానియాల ప్రొఫెసరైనంక గూడ ఆ పని ఇడవలె.

తర్వాత లండన్ యూనివర్సిటీకి పోయిండు గని మార్లవాయిని మరువలె. 1987ల బెట్టీ చనిపోతే అక్కడ్నే మట్టి చేసిన్రు. 1995ల ఆయన లండన్‌ల పోయిండు. ఆయన సమాధి గూడ ఆమె పక్కపొంటే ఉంది.

సర్కారు పంపితెనే వచ్చిండు, నిజమే. మనల్ని గూడ కాలేజే పంపుతది. పోయినంక ఏం చేస్తమన్నదే ముచ్చట. తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఈసారి క్యాంపుకు పోతే చీపురు పట్టేముందు ఒక ఇంటి అరుగు మీద కూసోండ్రి. పట్టా ఉందా, బడికి సారొస్తున్నడా అడుగుండ్రి. రాసుకోండ్రి. ఆ కాయితం ఎమ్మార్వో ఆఫీసుల ఇచ్చి, మళ్లొక్కసారి ఆ ఊరికి పోండ్రి.