పదకొండు పేర్ల లిస్టు: రహీం సాబ్ కథ

2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా మనలో చాలామంది చూశాం. అందులో అజయ్ దేవగన్ వేసిన కోచ్ పాత్ర మన హైదరాబాదు మనిషిదని మా హాస్టల్లో సగం మందికి తెలియదు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. పాత ఆటగాళ్లకు రహీం సాబ్. సినిమాలో మ్యాచ్‌లు బాగా చూపించారు. నన్ను మాత్రం మ్యాచ్‌కి ముందు జరిగే పని ఎక్కువ పట్టుకుంది. అదే మనుషుల్ని ఎంచుకునే పని. అందుకే ఈ సంచికకి ఆయన జీవితాన్ని ఆ ఒక్క కోణంలోంచి రాస్తున్నా.

నా గురించి ఒక ముక్క. మాది వర్ధన్నపేట, వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉంటది. మా వాడకట్టు పిల్లలు క్రికెట్ ఆడతారు, కబడ్డీ ఆడతారు, సాయంత్రమైతే వాలీబాల్ నెట్ కడతారు. ఫుట్‌బాల్ జోలికి పోయేవాళ్లు తక్కువ. నేను కూడా ఇంజినీరింగ్‌కి వచ్చాకే బంతి తన్నడం నేర్చుకున్నా.

అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 1936 నుంచి డ్రాఫ్ట్ అనే పద్ధతి నడుపుతోంది. కాలేజీ ఆట ముగించి వచ్చే కుర్రాళ్లను టీంలు వంతులవారీగా ఎంచుకుంటాయి. పోయిన సీజన్‌లో అట్టడుగున ఉన్న టీంకి మొదటి వంతు. మన ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు కూడా మన దేశపు ఆటగాళ్లను డ్రాఫ్ట్ పెట్టి పంచుకున్నారు. ఆ గదిలో కూర్చున్న ప్రతి మేనేజర్‌కీ ఒకటే తలనొప్పి. మిగిలినవాళ్లలో అందరికన్నా మొనగాణ్ణి తీసుకోవాలా? లేక మన టీంలో ఖాళీగా ఉన్న పొజిషన్‌కి సరిపోయేవాణ్ణి తీసుకోవాలా? రహీం సాబ్ కాలంలో డ్రాఫ్టూ లేదు, వేలమూ లేదు. ఆ తలనొప్పి మాత్రం ఉంది. ఆయన దానికి వెతుక్కున్న జవాబు ఏంటన్నదే ఈ కథ.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో డిగ్రీ చదివారు, యూనివర్సిటీ టీంకి ఆడారు. ఉద్యోగం బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడి ఆటల బాధ్యత తీసుకున్నారు. ఈ పంతులు ఉద్యోగాన్ని చిన్నగా చూడొద్దు. రోజూ నలభై మంది పిల్లల ముందు నిలబడే మనిషికి ఎవడిలో ఏముందో కనిపెట్టడం అలవాటవుతుంది. బెంచీ చివర మౌనంగా కూర్చున్నవాడు కూడా కంట్లో పడతాడు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీం కోచ్ బాధ్యత వచ్చింది. చనిపోయేదాకా ఆ టీంని వదల్లేదు.

సిటీ పోలీస్ దగ్గర కలకత్తా క్లబ్బుల లాంటి డబ్బూ లేదు, లక్షల మంది అభిమానులూ లేరు. ఒక కుర్రాడికి వాళ్లు ఇవ్వగలిగింది పోలీసు ఉద్యోగం, నెల జీతం. అలాంటి టీం బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి పెద్ద పేర్లను ఓడించింది. పేరున్నవాణ్ణి కొనే స్తోమత లేనప్పుడు పేరు లేనివాణ్ణి ముందుగా చూసి పట్టుకోవాలి. రహీం సాబ్ చేసింది అదే.

ఎలా చూసేవారు? ఇక్కడ నాకు ఆయనలో ఒక ఇంజినీరు కనిపిస్తాడు. డ్రిబ్లింగ్ చేయకూడదని రూలు పెట్టి టోర్నమెంట్లు నడిపారు. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. అందరినీ దాటుకుంటూ తానే గోల్ దాకా పోదామనుకునే హీరోకి అక్కడ పని లేదు. మరో రకం టోర్నమెంట్లో చేవ తక్కువున్న కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తన్నాల్సిందే. ఇవి ప్రాక్టీసు కోసమే అని అందరూ అంటారు. నాకైతే ఇవి ఎంపిక కోసం పెట్టిన జల్లెడలని కూడా అనిపిస్తుంది. మామూలు మ్యాచ్‌లో మెరుపులే కంటపడతాయి. ఎవడు తలెత్తి పక్కవాణ్ణి చూస్తాడు, ఎవడు ఖాళీ జాగాలోకి ముందే పరుగెత్తుతాడు అన్నది ఇలాంటి మ్యాచ్‌లోనే బయటపడుతుంది. మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం సులువైన ఇన్‌పుట్‌కి పనిచేస్తే సరిపోదు, గట్టి టెస్ట్ కేసు కూడా దాటాలి.

తులసీదాస్ బలరాం సంగతి చూడండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు, పేద కుటుంబం. రహీం సాబ్ అతని ఆట చూసి హైదరాబాద్ టీం సెలెక్షన్లకి రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ కిరాయికి డబ్బులు రహీం సాబ్ ఇచ్చారని బలరాం పెద్దయ్యాక చాలాసార్లు గుర్తు చేసుకున్నాడు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఆ సైకిల్ కిరాయి లేకపోతే? మన ఊళ్లల్లో ఇప్పటికీ సెలెక్షన్ల దాకా చేరలేక ఆగిపోయేవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. టాలెంట్‌ని చూడటం ఒక పని, దాన్ని గ్రౌండ్ దాకా రప్పించడం ఇంకో పని. రెండోది చాలామంది సెలెక్టర్లు తమ పని అనుకోరు.

ఇక దేశం టీం. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం సాబ్ కోచ్‌గా మనవాళ్లు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. అప్పటికి మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. చలిలో, జారే గడ్డి మీద ఆ ఆట సాగలేదు. ఆ తర్వాత ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సాబ్ మారింది బూట్ల దగ్గర మాత్రమే కాదు. యూరప్ టీంలు మైదానాన్ని ఎలా పంచుకుంటున్నాయో గమనించారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించడం మొదలుపెట్టారు. బ్రెజిల్ 1958 ప్రపంచకప్‌లో 4-2-4తో లోకాన్ని ఊపకముందే ఆ దారిలో నడిచిన కోచ్ మన హైదరాబాదు పంతులు.

ఆట పద్ధతి మారితే కావాల్సిన మనుషులు కూడా మారతారు. ఇదే కీలకం. ముందు పద్ధతి, తర్వాత పొజిషన్, ఆ తర్వాతే పేరు. 1956 మెల్‌బోర్న్ టీంలో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, బలరాం లాంటి హైదరాబాదీలు ఉన్నారు. కెప్టెన్ బెంగాల్‌కి చెందిన బద్రూ బెనర్జీ. గోల్స్ కొట్టింది బొంబాయిలో ఆడే నెవిల్ డిసౌజా. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు, డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనది. చివరికి నాలుగో స్థానం.

ఆయన తయారుచేసిన ఆటగాళ్లను ఆయన దగ్గరే ఉంచుకోగలిగారా అంటే, లేదు. కలకత్తా క్లబ్బులు పిలిచేవి, కుర్రాళ్లు వెళ్లేవాళ్లు. బలరాం కూడా 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. మనం ఇక్కడ చదివి బెంగళూరు పోయినట్టే అనుకోండి. వాళ్లను తప్పుపట్టలేం. అయినా హైదరాబాద్ రాష్ట్ర టీం 1956-57లో, మళ్లీ 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఒకడు వెళ్తే ఆ జాగాలోకి ఇంకొకణ్ణి తెచ్చే ఏర్పాటు బడి మైదానాల్లో సిద్ధంగా ఉండటమే దానికి కారణం.

ఇప్పుడు నాకు చాలా దగ్గరగా తగిలిన విషయం. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాలరే. మిడ్‌ఫీల్డ్ ఆటగాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్ టీంలో ఉన్నాడు, వయసు ఇరవై ఒకటి. కోచ్ సొంత తండ్రి. మనవాళ్లు మూడు మ్యాచ్‌లు ఆడారు. హంగరీతో 2-1తో ఓడారు, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు, పెరూతో ఓడారు. ఆ మూడింటిలో ఒక్కదానిలోనూ హకీం గ్రౌండ్‌లోకి దిగలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల టీంలో అయితే కొద్దిలో అసలు చోటే తప్పిపోయింది. అప్పుడూ కోచ్ తండ్రే. ఆ టీం స్వర్ణం గెలిచింది. అంటే హకీం మెడలో పడాల్సిన మెడల్ ఇంకెవరి మెడలోనో పడింది.

ఇది చదివినప్పుడు నేను మా బ్రాంచ్ టీం లిస్టు రాస్తున్నా. ఇంటర్ బ్రాంచ్ టోర్నమెంట్‌కి 26 మంది పేర్లిచ్చారు, 16 మందిని తీసుకోవాలి. అందులో మా చిన్నాన్న కొడుకు కూడా ఉన్నాడు, ఫస్టియర్. వర్ధన్నపేట నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. తమ్ముణ్ణి నువ్వు కాకపోతే ఎవరు చూసుకుంటారు బిడ్డా అని ఆమె బాధ. తమ్ముడు బాగా ఆడతాడు, అబద్ధం ఎందుకు. కానీ వాడు ఆడే రైట్ వింగ్‌లో వాడికన్నా ముందు ఇద్దరున్నారు. మాకు కరువున్నది వెనక డిఫెన్స్‌లో. లిస్టులో తమ్ముడి పేరు రాయలేదు. వారం రోజులు వాడు నాతో మాట్లాడలేదు. చిన్నమ్మ సంక్రాంతికి కూడా ఆ మాట ఎత్తింది. నాది కాలేజీ కప్పు, ఆయనది ఒలింపిక్స్, పోలిక లేదు. అయినా ఆ రాత్రి ఇంటికెళ్లి కొడుకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్న తండ్రి ఎలా ఉండి ఉంటాడా అని చాలాసార్లు అనుకున్నా.

జకార్తా దగ్గరికి వద్దాం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో కొట్టారు, కానీ ఆ మ్యాచ్‌లో డిఫెన్స్ మూలస్తంభం జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో దాటి సెమీస్ చేరారు. ఇక గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం. బయట వాతావరణం ఇంకో రకంగా వేడెక్కింది. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ గట్టిగా ప్రశ్నించడంతో అక్కడి జనం మనవాళ్లు కనిపిస్తే చాలు గేలి చేస్తున్నారు.

అప్పుడు రహీం సాబ్ తీసుకున్న నిర్ణయం చూడండి. తలకి కట్టుతో ఉన్న జర్నైల్‌ను డిఫెన్స్‌లో పెట్టలేదు, పక్కనా కూర్చోబెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో జర్నైల్ గోల్ ఉంది. సెమీస్‌లో గోల్‌పోస్టు ముందు ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు. ఫైనల్‌కి తంగరాజ్‌ను మళ్లీ దింపారు. గెలిచిన టీంలోని గోల్‌కీపర్‌ను ఫైనల్‌కి మార్చడం మాటలు కాదు. తేడా వస్తే జీవితాంతం తిట్లే. సెప్టెంబరు 4న లక్ష మంది జనం ముందు అదే దక్షిణ కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా చివర్లో ఒకటి కొట్టింది. 2-1తో స్వర్ణం మనది. బెంగాల్, పంజాబ్, కేరళ, గోవా, హైదరాబాద్ కుర్రాళ్లు కలిసి ఆడిన ఆ టీంకి కెప్టెన్ చునీ గోస్వామి.

అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. సిగరెట్లు బాగా కాల్చేవారు. జకార్తా తర్వాత ఏడాది కూడా తిరగకుండానే, 1963 జూన్ 11న, 53 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ స్వర్ణం రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి అర్హత కూడా దక్కలేదు.

కోచ్ పోతే కోచ్ దొరుకుతాడు. బడి గ్రౌండ్‌లో గంటలు గంటలు నిలబడి, సైకిల్ కిరాయి జేబులోంచి తీసి ఇచ్చి, పద్ధతికి తగ్గ మనిషిని పదేళ్ల ముందే వెతికిపెట్టుకునేవాడు దొరకడం కష్టం. డ్రాఫ్ట్ అయినా, వేలమైనా, మన ప్లేస్‌మెంట్ డ్రైవ్ అయినా, ఎంచుకునే రోజు ఒక్కటే. అసలు పని అంతకుముందు రోజుల్లోనే ఉంటుంది.

హకీం సంగతి చెప్పకుండా ముగించలేను. ఆయన ఎయిర్ ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు. ఫిఫా రిఫరీగా అంతర్జాతీయ మ్యాచ్‌లు నడిపించారు, కోచ్‌గా కూడా పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో కన్నుమూసేదాకా ఫుట్‌బాల్‌ను వదల్లేదు. తండ్రి చోటివ్వని ఆటలోనే ఆయన తన చోటు వెతుక్కున్నారు. మా తమ్ముడు ఈ వ్యాసం చదువుతాడని తెలుసు, అందుకే ఈ పేరా రాశాను. వచ్చే ఏడాది వాడు డిఫెన్స్ నేర్చుకుని వస్తానంటున్నాడు. చూద్దాం.